పసిపిల్లల పళ్లు: అంగన్‌వాడీ, క్రెష్, ప్లేస్కూలు నడిపేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున తొమ్మిదింటికి మన గడప తొక్కిన పిల్లలు ఇంటికి వెళ్లేలోగా ఎన్నిసార్లు ఏమి తింటారో, తిన్నాక నోరు కడుక్కుంటారో లేదో మనమే చూస్తాం. పళ్లు పుచ్చడం మొదలయ్యేది కూడా ఒకటి నుంచి ఐదేళ్ల మధ్య, సరిగ్గా మన దగ్గర ఉండే వయసులోనే. డాక్టరు చేతికి వెళ్లేసరికి చాలా సార్లు పన్ను సగం పోయి ఉంటుంది. అందుకే ఈ ప్రశ్నలకు జవాబులు పిల్లల కేంద్రంలో పనిచేసే మనకే ముందు తెలియాలి. ఏళ్ల తరబడి తోటి టీచర్లు, ఆయమ్మలు, తల్లులు నన్ను అడిగినవే ఇవన్నీ.

పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవే కదా. వాటికోసం ఇంత శ్రమ ఎందుకు?

అందరికంటే ముందు అడిగే ప్రశ్న ఇదే. పాలపళ్లు మొత్తం 20. ముందుపళ్లు ఆరేడేళ్లకు ఊడిపోతాయన్న మాట నిజమే. కానీ వెనక ఉండే నమిలే పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. మూడేళ్ల పిల్లకు దవడపన్ను పుచ్చిందంటే ఆ పన్నుతోనే ఇంకా ఏడెనిమిదేళ్లు నమలాలి.

పుచ్చిన పన్ను సలుపుతుంటే రాత్రి నిద్ర ఉండదు. గట్టి పదార్థం ముట్టుకోరు, బరువు పెరగరు. ముందుగానే పీకేయాల్సి వస్తే పక్కపళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, కింద నుంచి వచ్చే శాశ్వత పన్నుకు దారి లేకుండా చేస్తాయి. అది వంకరగా వస్తుంది, లేదా చిగురులోనే ఇరుక్కుపోతుంది. పాలపన్ను కింద చీము పడితే, లోపల తయారవుతున్న కొత్త పన్ను మీద కూడా మచ్చలు, గుంటలు ఏర్పడవచ్చు.

మా దగ్గరికి వచ్చే నాలుగేళ్ల పాప ఒకతె అన్నం ముద్దను ఎడమ బుగ్గలో పెట్టుకుని అరగంట అలాగే కూర్చునేది. మారాం అనుకున్నాం. బుజ్జగించాం, కథలు చెప్పాం, ఒకటి రెండుసార్లు కోప్పడ్డాం కూడా. ఒకరోజు వెల్లకిలా పడుకుని పకపకా నవ్వుతుంటే నోరు కనిపించింది. కుడివైపు కింది దవడపన్ను సగం లేదు, మధ్యలో నల్లటి గుంట. ఆ పిల్ల నొప్పి అని ఒక్కసారి కూడా చెప్పలేదు. నొప్పి లేని నోరు ఎలా ఉంటుందో గుర్తు లేని పసివాళ్లు ఏమని చెబుతారు? అప్పటి నుంచి అన్నం బుగ్గన పెట్టుకునే పిల్లలు కనిపిస్తే ముందు నోరు తెరిపించి చూస్తున్నాను.

పళ్లకు పురుగు పడుతుందంటారు. నిజంగా జరిగేదేమిటి?

పురుగేమీ ఉండదు. చెవిలో పొగ పెట్టి, పసరు పోసి పురుగులు తీస్తామనేవారి దగ్గరికి పిల్లలను తీసుకువెళ్లవద్దని తల్లులకు గట్టిగా చెప్పండి. పళ్ల మీద పేరుకునే పాచిలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తిన్న చక్కెర, మెత్తటి పిండిపదార్థాలే వాటికీ ఆహారం. వాటిని తిని ఆమ్లాన్ని వదులుతాయి. నోటిలో పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం) దాదాపు 5.5 కంటే తగ్గితే పన్ను పైపొర నుంచి ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని కొంత మళ్లీ చేర్చడానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది.

ఇక్కడ అసలు కీలకం ఉంది. ఎంత తీపి తిన్నారన్న దాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. భోజనంతో పాటు ఒక లడ్డూ తినేసి నీళ్లు తాగిన పిల్లవాడి కంటే, ఒకే బిస్కట్ ప్యాకెట్‌ను చేతిలో పట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొరుకుతూ తిరిగే పిల్లవాడి పళ్లకే ముప్పు ఎక్కువ. లాలాజలానికి తన పని చేసుకునే వ్యవధి దొరకదు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి పడుకునే ముందు తిన్న తీపి అన్నిటికంటే చెరుపు చేస్తుంది.

ఆ సూక్ష్మజీవులు పసిపిల్లల నోటికి ఎక్కువగా పెద్దవాళ్ల ఎంగిలి ద్వారానే చేరతాయి. నమిలి పెట్టడం, రుచి చూసిన చెంచాతోనే పెట్టడం, కింద పడిన పాలపీకను మన నోట్లో శుభ్రం చేసి ఇవ్వడం మానాలి. కేంద్రంలో ఎవరి గ్లాసు వారిది, ఎవరి చెంచా వారిది అన్న పద్ధతి పళ్లకూ మేలే.

పేస్టు ఎంత పెట్టాలి? ఫ్లోరైడ్ ఉన్నది పెడితే పిల్లలు మింగేస్తారు కదా?

ఫ్లోరైడ్ పన్ను పైపొరను గట్టిపరిచే ఖనిజం. మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే ఫ్లోరైడ్ పేస్టు వాడవచ్చు. మూడేళ్లు నిండేదాకా బియ్యపు గింజంత. మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. అంతకు మించి వద్దు. ప్రకటనల్లో బ్రష్షు పొడవునా వంపులు తిరిగి కనిపించే పేస్టు పిల్లల కొలత కానే కాదు.

మింగేస్తారన్న భయం సబబైనదే, ఆ కొలత పెట్టింది కూడా అందుకే. 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బియ్యపు గింజంత పెడితే అందులో ఉండే ఫ్లోరైడ్ సుమారు 0.1 మిల్లీగ్రాము. పూర్తిగా మింగినా ఆ కాస్తకు భయపడనక్కర్లేదు. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదని, ఎంత ఉందో ట్యూబు మీద రాయాలని నిబంధన ఉంది. కొనేటప్పుడు ఆ అంకె చూడండి. పిల్లల బొమ్మలున్న కొన్ని పేస్టుల్లో ఫ్లోరైడ్ చాలా తక్కువ, కొన్నిటిలో అసలు ఉండదు. అవి వాడితే పళ్లు తోమిన తృప్తే తప్ప రక్షణ సగమే.

తోమాక ఉమ్మేస్తే చాలు. గ్లాసుడు నీళ్లతో పుక్కిలిస్తే పళ్లకు అంటుకుని మేలు చేయాల్సిన ఫ్లోరైడ్ కాస్తా కొట్టుకుపోతుంది. ట్యూబును మాత్రం పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. స్ట్రాబెర్రీ వాసన వచ్చే పేస్టును మిఠాయి అనుకుని పిండుకు తినే పిల్లలు ఉంటారు.

మా ఊరి నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ. మేమేమి చేయాలి?

నల్గొండ వైపు, ప్రకాశం ప్రాంతంలోని కనిగిరి, పొదిలి, దర్శి వైపు పనిచేసే టీచర్లు ఇది అడగకుండా ఉండరు. మన దేశంలో, ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు అయిన ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట 1937లో గుర్తించి రాసింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చు అన్నది మన జాతీయ ప్రమాణం.

అలాంటి ఊళ్లలో మొదట చూడాల్సింది పేస్టును కాదు, నీళ్లను. పిల్లలు తాగే నీళ్లు, అన్నం వండే నీళ్లు రెండూ బోరు నుంచి కాకుండా కృష్ణా నీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో అయ్యేలా చూడండి. కాచితే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు ఇంకా పెరుగుతుంది.

పేస్టు పూర్తిగా మానేయనక్కర్లేదు గానీ గింజ కొలత దాటకూడదు, పెద్దవారు దగ్గర ఉండి ఉమ్మించాలి, ఫ్లోరైడ్ వార్నిష్ (దంతవైద్యుడు పళ్లకు పూసే పూత) లాంటివి వేయించే ముందు ఊరి నీళ్ల సంగతి దంతవైద్యుడికి చెప్పాలి. ఫ్లోరోసిస్ మచ్చలు పన్ను చిగురులో తయారయ్యేటప్పుడే పడతాయి, కాబట్టి ఎనిమిదేళ్లలోపు వయసే ఎక్కువ జాగ్రత్త అవసరమైనది.

ఒక్క టీచరు, ఒక్క ఆయమ్మ, ఇరవై మంది పిల్లలు. అందరితో ఎలా తోమించాలి?

సింకు లేదు, కుళాయి ఒక్కటే, అది కూడా బయట ఉంది అని చాలామంది అక్కడే ఆగిపోతారు. కుళాయి లేకుండానే తోమించవచ్చు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక, పడుకోబెట్టే ముందు పిల్లలను చాప మీద గుండ్రంగా కూర్చోబెట్టండి. ఒక్కొక్కరి ముందు ఒక చిన్న గ్లాసు, ఉమ్మడానికి. ట్యూబును నేరుగా బ్రష్షు మీద నొక్కకండి. ఒక బ్రష్షుకు తగిలిన ట్యూబు మూతి మరో బ్రష్షుకు తగులుతుంది, దానితో పాటు ఎంగిలీ వెళుతుంది. శుభ్రమైన విస్తరాకు ముక్క మీదనో, కాగితం ముక్క మీదనో వేలెడు ఎడంగా చిన్న చిన్న చుక్కలు పెట్టుకుంటూ పోండి. ఆయమ్మ ఒక్కొక్కరి బ్రష్షుతో ఒక్కో చుక్కను అద్ది ఇస్తుంది. ఇరవై మందికి ఈ పని మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. మొదటి వారం మాత్రం పావుగంట పడుతుంది, నిరుత్సాహపడకండి.

టీచరు కూడా ఒక బ్రష్షు పట్టుకుని మధ్యలో కూర్చుని తోముకోవాలి. పిల్లలు చెప్పింది వినరు, చేసింది చేస్తారు. రెండు నిమిషాలు గడియారం చూసే బదులు మీకు వచ్చిన పాట ఏదైనా పాడండి. నమిలే వైపు, బయటి వైపు, లోపలి వైపు, అన్నీ అయ్యేలా మీరు చేసి చూపిస్తూ వెళ్లండి. పై పళ్ల వెనక, చిట్టచివరి దవడపళ్ల దగ్గర బ్రష్షు చేరడం లేదని చూడగానే తెలుస్తుంది.

నాలుగైదేళ్ల పిల్లల చేతికి శుభ్రంగా తోముకునే నేర్పు ఇంకా రాదు. ఏడెనిమిదేళ్ల దాకా పెద్దవాళ్లు ఒకసారి తోమి ముగించాలి. ఇరవై మందికి మీరే చేయలేరు, చేయాలని ఎవరూ అడగరు కూడా. రోజుకు నలుగురైదుగురికి మీరు స్వయంగా తోమండి. వారం తిరిగేసరికి అందరి నోళ్లూ మీ కళ్ల ముందుకు వస్తాయి. నన్నడిగితే ఈ పద్ధతి అంతటిలోనూ విలువైనది ఇదే, ఎందుకంటే పుచ్చు మొదలైన పన్ను మీకు ముందుగానే దొరికిపోతుంది.

కేంద్రంలో తోమించడం ఇంట్లో రాత్రి తోమడానికి బదులు కాదు. అది ఇది రెండూ ఉండాలి. స్కాట్లండ్‌లో చైల్డ్‌స్మైల్ అనే ప్రభుత్వ కార్యక్రమం కింద నర్సరీల్లో రోజూ టీచర్ల పర్యవేక్షణలో పళ్లు తోమిస్తున్నారు. పిల్లల్లో పుచ్చుపళ్లు తగ్గి, వైద్యానికి అయ్యే ఖర్చులో మిగిలిన డబ్బు కార్యక్రమానికి పెట్టిన డబ్బును దాటిపోయింది. వాళ్ల నర్సరీల్లో జరిగే పని కూడా ఇదే: గింజంత పేస్టు, ఒక బ్రష్షు, పక్కన ఒక పెద్ద మనిషి.

బ్రష్షులు ఎక్కడ, ఎలా పెట్టాలి? ఒకరిది ఒకరు నోట్లో పెట్టుకుంటే?

కుచ్చు పైకి ఉండేలా నిలబెట్టి, ఒకదానికొకటి తగలకుండా, గాలి ఆడే చోట ఆరనివ్వాలి. చెక్కకు రంధ్రాలు చేయించి గోడకు కొట్టించుకుంటే సరిపోతుంది. మూతలు, డబ్బాలు వద్దు, తడి ఆరక వాసన వస్తాయి. మరుగుదొడ్డి పక్కన అసలే వద్దు. అన్నిటినీ ఒకే బకెట్‌లో ముంచి కడగకండి, ధారగా పడే నీళ్ల కింద ఒక్కొక్కటిగా కడగండి.

పేర్లు చదవలేని పిల్లలకు బొమ్మలు అతికించండి: ఒకరికి మామిడిపండు, ఒకరికి గాలిపటం, ఒకరికి కోడిపుంజు. రెండో రోజుకే ఎవరి బొమ్మ ఎవరిదో వాళ్లకే తెలిసిపోతుంది, పక్కవాడు తప్పుగా తీస్తే వాళ్లే పట్టిస్తారు.

మూడు నెలలకొకసారి, లేదా కుచ్చు విచ్చుకుపోతే అంతకు ముందే, బ్రష్షు మార్చాలి. ఒకరిది ఒకరు నోట్లో పెట్టుకుంటే రెండూ పారేసి కొత్తవి ఇచ్చి, ఇద్దరి ఇళ్లలోనూ ఆ సంగతి చెప్పండి. కొన్ని బ్రష్షులు ఎప్పుడూ అదనంగా ఉంచుకోండి.

బ్రష్షు చూడగానే ఏడ్చే పిల్లలతో ఎలా?

నోరు బలవంతంగా తెరిచి తోమితే ఆ ఒక్క పూటకు పళ్లు శుభ్రమవుతాయి, ఆ తర్వాత నెల రోజులు బ్రష్షు దగ్గరికి రానివ్వరు. ముందు బొమ్మకు తోమించండి. తర్వాత మీ పళ్లు తోమమని వాళ్లకే బ్రష్షు ఇవ్వండి. ఈరోజు రెండు పళ్లు, రేపు నాలుగు.

పిల్లల ఎదురుగా నిలబడడం కంటే వెనక నిలబడి, తల మీ పొట్టకు ఆనించుకుని, ఎడమచేత్తో పెదవిని కాస్త ఎత్తి తోమడం సులువు. ఏడాది రెండేళ్ల వాళ్లయితే తల ఒడిలో పెట్టుకోండి. చిన్న తల ఉన్న మెత్తటి బ్రష్షు అయి ఉండాలి. పళ్లింకా రాని పసికందుకు శుభ్రమైన తడిగుడ్డతో చిగుళ్లు తుడిస్తే చాలు. బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న పిల్లలకు పేస్టు రుచి, నురగ, కుచ్చు గరుకుతనం భరించరానివిగా ఉండవచ్చు. వారికి రుచి లేని పేస్టు, రోజూ అదే చోటు, అదే వేళ, అదే మనిషి ఉండేలా చూడండి. ఓపిక పడితే వాళ్లూ అలవాటు పడతారు.

బాలామృతం తీపి కదా? చిక్కీ, బెల్లం, పుట్టినరోజు చాక్లెట్ల సంగతేమిటి?

బాలామృతం మానిపించవద్దు. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లల ఎదుగుదలకు అంగన్‌వాడీలో ఇచ్చే ఆ పోషకాహార పిండి అవసరం. అందులో చక్కెర ఇప్పటికే ఉంది కాబట్టి ఇంట్లో మళ్లీ కలపవద్దని తల్లులకు చెప్పండి. చూడాల్సిన సంగతి మరొకటి ఉంది: చాలా ఇళ్లలో పిల్లలు పొడిపిండిని గుప్పిట్లో పోసుకుని గంటల తరబడి నాకుతూ తిరుగుతారు. అంగిలికి అంటుకుని, పళ్ల సందుల్లో ఇరుక్కుని అది అక్కడే ఉండిపోతుంది. ఒక పూట కూర్చోబెట్టి, జావలా కలిపి తినిపించి, పైన నాలుగు గుక్కలు నీళ్లు తాగించండి.

చిక్కీకీ అదే మాట. భోజనంతో పాటు ఇచ్చి నీళ్లు తాగిస్తే నష్టం తక్కువ, నడిమధ్య ఇస్తే ఎక్కువ. బెల్లంలో ఇనుము ఉంటుంది, తేనె సహజమైనది అంటారు, పళ్ల మీది సూక్ష్మజీవులకు మాత్రం ఆ తేడా తెలియదు. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలే పెట్టకూడదు, దానికి వేరే ప్రమాదం ఉంది. పండు ముక్కలుగా పెట్టండి, రసం తీసి ఇవ్వకండి.

చిరుతిండి వేళలను గంట కొట్టినట్టు నిలకడగా ఉంచండి: పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యలో దాహమైతే మంచినీళ్లే. ఉడికించిన గుడ్డు, పెరుగు, మెత్తగా ఉడికి మెదిపిన శనగలు, ఆవిరి మీద ఉడికిన క్యారెట్, ఇడ్లీ మంచివి. నాలుగేళ్లలోపు వారికి పల్లీలు గింజలుగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి.

పుట్టినరోజుల గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ముప్పై మంది ఉన్న తరగతిలో ఏడాదికి ముప్పై పుట్టినరోజులు. ప్రతి ఒక్కరూ రెండేసి చాక్లెట్లు పంచితే అది పండుగ కాదు, అలవాటు. సంవత్సరం మొదట్లోనే తల్లిదండ్రులతో మాట్లాడి చాక్లెట్లకు బదులు అరటిపండ్లో, రంగు పెన్సిళ్లో, మొక్కకు ఒక కుండీయో తెమ్మని చెప్పండి. ఎవరైనా తెలియక చాక్లెట్లు తెస్తే ఆ పిల్ల ముఖం చిన్నబోయేలా చేయకండి, భోజనం అవుతూనే పంచేయండి. తీపిని బహుమతిగా, బెదిరింపుగా వాడటం మాత్రం ఈరోజే మానేయాలి. "ఏడవకుండా ఉంటే చాక్లెట్ ఇస్తా" అన్న మాట మన నోటి నుంచి రాకూడదు.

పాలసీసా నోట్లో ఉంటే తప్ప నిద్రపోరు. ఏమి చేయాలి?

నోట్లో సీసాతో నిద్రపోతే పాలు, అందులో కలిపిన చక్కెర గంటల తరబడి పై ముందుపళ్ల చుట్టూ నిలిచి ఉంటాయి. కింది ముందుపళ్లను నాలుక కప్పి కాపాడుతుంది, అందుకే పై నాలుగు పళ్లు మొదళ్ల దాకా కరిగిపోయి, కిందివి తెల్లగా మెరుస్తూ కనిపిస్తాయి. ఆ నోటిని ఒకసారి చూస్తే మరచిపోలేరు.

కేంద్రంలో చాప మీదికి సీసా రానివ్వకండి. పాలు కూర్చోబెట్టి తాగించి, తర్వాత పడుకోబెట్టండి. ఇంట్లో అలవాటు ఒక్కసారిగా మానకపోతే రోజురోజుకూ సీసాలో నీళ్లు పెంచి పాలు తగ్గిస్తూ వారం పది రోజుల్లో మంచినీళ్లకు తీసుకురమ్మనండి. ఏడాది దాటేసరికి గ్లాసు, గిన్నె అలవాటు చేయాలి. పాలసీసాల ప్రకటనలను, ప్రచారాన్ని 1992 నాటి చట్టమే నిషేధించింది. తల్లిపాలు మాత్రం రెండేళ్లు, ఆ తర్వాత కూడా ఇవ్వవచ్చు. పళ్ల పేరు చెప్పి ఏ తల్లి చేతా పాలు మాన్పించకండి, పళ్లు వచ్చాక తుడవడం, తోమడం నేర్పండి.

ఐరన్ సిరప్ పోస్తే పళ్లు నల్లబడుతున్నాయని తల్లులు వద్దంటున్నారు.

నల్లబడేది పన్ను కాదు, పన్ను మీది పొర. అది మరక, పుచ్చు కాదు. దంతవైద్యుడు శుభ్రం చేస్తే పోతుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఇచ్చే ఒక మిల్లీలీటరు సిరప్ రక్తహీనతను ఆపడానికి. మరకకు భయపడి దాన్ని మానడం పెద్ద నష్టం. డ్రాపర్‌తో నాలుక వెనక భాగం మీద వేసి, వెంటనే నీళ్లు తాగించండి.

దగ్గు, జ్వరం మందుల సంగతి వేరు. వాటిలో చాలావాటిలో చక్కెర ఉంటుంది. రాత్రి మందు పోసి అలాగే పడుకోబెట్టకుండా నోరు కడిగించమనండి. మందు మాత్రం ఆపవద్దు.

వేపపుల్ల, బొగ్గు, ఉప్పు, పళ్లపొడి మంచివి కావా? మన పెద్దలు అవే వాడారు.

పెద్దలు రోజంతా బిస్కట్లు తినలేదు. వేపపుల్లను మెత్తగా నమిలి వాడటం పెద్దవారికి చెడ్డదేమీ కాదు, కానీ మూడేళ్ల పిల్లల చిగుళ్లకు గుచ్చుకుంటుంది, పైగా అందులో ఫ్లోరైడ్ లేదు. బొగ్గు, ఇటుకపొడి, కచ్చికల బూడిద, గరుకైన ఎర్రటి పళ్లపొడులు పైపొరను గీరేస్తాయి. పాలపళ్ల పైపొర శాశ్వత పళ్ల పొరలో సగం మందమే ఉంటుంది, ఆ కాస్తా గీరుకుపోతే తిరిగి రాదు.

పళ్లు వచ్చేటప్పుడు జ్వరం, విరేచనాలు మామూలే కదా?

కావు. చొంగ కారుతుంది, చిరాకు పడతారు, దొరికింది కొరుకుతారు, అంతే. ఆ వయసులో నేల మీద పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు కాబట్టి విరేచనాలు వస్తాయి. పళ్ల విరేచనాలని వదిలేస్తే ఒంట్లో నీరు పోయి ప్రాణం మీదికి వస్తుంది. ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి ఆరోగ్య కేంద్రానికి పంపండి. చిగుళ్లు సలుపుతుంటే చల్లటి తడిగుడ్డ కొరకనివ్వండి. మొద్దుబార్చే జెల్‌లు రెండేళ్లలోపు వారికి పూయకండి.

పళ్లు పాడవుతున్నాయని డాక్టరు కాని మాకు ఎలా తెలుస్తుంది?

పై పెదవిని వేలితో ఎత్తి చూడండి. నెలకొకసారి, బరువు తూచే రోజున, వెలుతురు పడేలా కూర్చోబెట్టి చూస్తే చాలు. చిగురును ఆనుకుని సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత కనిపిస్తే పుచ్చు మొదలైందని అర్థం. ఈ దశలో నొప్పి ఉండదు, ఎవరికీ పట్టదు. కానీ ఇక్కడైతే వెనక్కి మళ్లించవచ్చు: ఫ్లోరైడ్ పేస్టు, తీపి వేళలు సర్దడం, దంతవైద్యుడు వేసే వార్నిష్. గోధుమరంగు, నలుపు, గుంట కనిపిస్తే ఆ అవకాశం దాటిపోయింది, వైద్యం కావాలి. చిగురు మీద మొటిమలా చీముగడ్డ, బుగ్గ వాపు, వాపుతో జ్వరం ఉంటే ఆరోజే పంపండి. కంటి వైపు వాపు పాకినా, మింగలేకపోతున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

తల్లిదండ్రులకు చెబితే నొచ్చుకుంటున్నారు.

"మీ పాప పళ్లు పాడు చేశారు" అన్నట్టు వినిపిస్తే ఎవరైనా నొచ్చుకుంటారు. అందరి ముందు చెప్పకండి. పెదవి ఎత్తి తల్లికే చూపించండి: "అమ్మా, ఇక్కడ ఈ తెల్లగీత చూశారా? ఇప్పుడైతే ఆపవచ్చు." కూలికి వెళ్లే తల్లికి పది సూచనలు ఇస్తే ఒక్కటీ గుర్తుండదు. ఒక్కటే అడగండి, ముందుగా రాత్రి పడుకునే ముందు తోమడం. అది కుదిరాక రెండోది. ఇంట్లో నాయనమ్మ దగ్గర పెరిగే పిల్లలైతే నాయనమ్మనే పిలిచి మాట్లాడండి, బిస్కట్ డబ్బా తాళం ఆమె కొంగునే ఉంటుంది.

ఎక్కడికి పంపాలి?

పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం 2013లో మొదలైంది. ఆ బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వచ్చి పిల్లలను పరీక్షించాలి, వాళ్లు చూడాల్సిన జాబితాలో పళ్ల సమస్యలు కూడా ఉన్నాయి. హడావిడిలో నోరు చూడకుండా వెళ్లిపోతే మీరే అడగండి. మీరు గుర్తించిన పిల్లల పేర్లు ముందే కాగితం మీద రాసి పెట్టుకుంటే వాళ్లకూ పని సులువు. అక్కడి నుంచి జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. పిల్లల పళ్ల విభాగం ప్రతి దంతవైద్య కళాశాలలోనూ ఉంటుంది.

మొదటిసారి దంతవైద్యుడి దగ్గరికి ఏడాది నిండేలోగా వెళ్లాలన్నది పిల్లల దంతవైద్యులు ఇచ్చే సలహా. నొప్పి లేనప్పుడు వెళ్లిన పిల్లలకు ఆ కుర్చీ అంటే భయం ఉండదు. డ్రిల్లింగ్ అవసరం లేకుండా పుచ్చును ఆపే సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అనే ద్రావణం కూడా ఉంది. అది పూసిన చోట పుచ్చు నల్లగా మారి అలాగే ఉంటుంది, ఈ సంగతి తల్లికి ముందే చెప్పాలి.

ఆడుకుంటూ పడి పన్ను ఊడితే?

పాలపన్ను అయితే తిరిగి పెట్టకండి, కింద పెరుగుతున్న పన్ను దెబ్బతింటుంది. శుభ్రమైన గుడ్డ మడిచి చిగురు మీద నొక్కి రక్తం ఆపండి, ఊడిన పన్ను ఎక్కడుందో వెతకండి. దొరకకపోతే ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందేమో డాక్టరు చూడాలి. వాంతులు, మగత ఉంటే తలకు దెబ్బ తగిలిందని అనుమానించి ఆసుపత్రికి పరుగెత్తండి. కొన్ని వారాలకు ఆ పన్ను బూడిద రంగుకు మారితే మళ్లీ చూపించండి.

ఆరేళ్లు దాటిన పిల్లలకు శాశ్వత పన్ను ఊడితే లెక్క వేరు. వేరును ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే ఒక్కసారి నీళ్లతో కడిగి, గ్లాసు చల్లటి పాలలో వేసి అరగంటలోపు దంతవైద్యుడి దగ్గర ఉండేలా బయలుదేరండి.

వేలు చీకే అలవాటుకు వేపనూనె పూయవచ్చా?

వద్దు. మూడు నాలుగేళ్ల దాకా చాలామంది చీకుతారు, చాలామంది వాళ్లంతట వాళ్లే మానేస్తారు. నాలుగు దాటినా మానకపోతే దంతవైద్యుడికి చూపించండి. అప్పటి దాకా చేతికి ఏదైనా పని ఇవ్వండి.

ఒకటో తరగతికి వెళ్లిపోయే పిల్లల తల్లులకు ఏమి చెప్పి పంపాలి?

ఆరో ఏట ఒక పన్ను వస్తుంది, అది చాలామందికి తెలియకుండానే వస్తుంది. ఏ పాలపన్నూ ఊడదు, రక్తం రాదు, ఎవరూ పన్నును ఇంటి కప్పు మీదికి విసరరు. చివరి పాలపన్ను వెనక, నాలుగు మూలల్లో నాలుగు పెద్ద పళ్లు చిగురు చీల్చుకుని పైకి వస్తాయి. పాలపన్నే అనుకుని వదిలేస్తారు. అవి జీవితాంతం ఉండాల్సిన పళ్లు, పుట్టుకతోనే నమిలే వైపు లోతైన గాడులతో వస్తాయి కాబట్టి తొందరగా పుచ్చుతాయి. ఆ గాడులను పూడ్చే పూత దంతవైద్యులు వేస్తారు. పిల్లల చివరి రోజున నేను తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోను టార్చి వేసి, దవడ చివర ఎక్కడ చూడాలో వేలితో చూపించి పంపుతున్నాను.